కేప్‌సిటబిన్ మాత్రలతో అరచేతులు మండుతుంటే

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్‌కి కేప్‌సిటబిన్ అనే కీమో మాత్రల రెండో సైకిల్ (విడత) నడుస్తోందనీ, అరచేతులు నల్లబడి మండుతున్నాయనీ, మాత్రలు సగానికి తగ్గించొచ్చా అనీ అడిగారు. మీ అంతట మీరు తగ్గించకండి. ఇవాళే ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టర్‌కి) ఫోన్ చేసి చెప్పండి. మా అమ్మ కూడా ఇవే మాత్రలు వాడింది.

దీన్ని హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటారు, అరచేతులకీ అరికాళ్లకీ వస్తుంది. చేతులు ఎర్రబడతాయని రాస్తారు గానీ మన చామనఛాయలో ఎరుపు సరిగ్గా కనపడదు, చేతి గీతల్లో నలుపే కనిపిస్తుంది. గోరింటాకు పెడితే ఆ మార్పు కూడా తెలియదు. అమ్మకైతే ముందు వేళ్ల చివర్లు బిగుసుకుపోయినట్టు అనిపించేది. కాఫీ ఉన్న స్టీలు గ్లాసుని కొంగుతో పట్టుకోవడం చూసి నాకు అర్థమైంది. అడిగితే ఏం లేదనేది. మందు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందని ఆవిడ భయం. దయచేసి మీ అమ్మగారిని అలా ఓర్చుకోనివ్వకండి. నొప్పి పుట్టి పనులకి అడ్డమొస్తే డాక్టర్లే మాత్రలు కొన్నాళ్లు ఆపి, తగ్గాక అదే డోసుతోనో కొంచెం తక్కువతోనో మళ్లీ మొదలుపెడతారు. అదీ వైద్యంలో భాగమే.

ఇంట్లో మాకు బాగా పనికొచ్చింది 10 శాతం యూరియా క్రీమ్. రోజూ రాసి, రాత్రి నూలు సాక్సు వేసేవాళ్లం. చర్మం పగిలిన చోట మాత్రం అది మండుతుంది, అక్కడ వద్దు. అంట్లు, చపాతీ పిండి, వేణ్ణీళ్లు, బిగుతు చెప్పులు అన్నీ మాన్పించాం. మెట్టెల కింద ఒరుసుకుంటుంటే అవీ తీయించాం. ఊడే చర్మాన్ని లాగకూడదు.

డైక్లోఫెనాక్ జెల్ గురించి డాక్టర్ని తప్పక అడగండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై చేసిన పరిశోధనలో మొదటి నుంచీ 1 శాతం జెల్ రాసుకున్నవాళ్లలో 3.8 శాతం మందికే ఇది ముదిరింది, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 15 శాతం మందికి. అది రాకుండా ఆపడానికి చేసిన ప్రయోగం కాబట్టి ఇప్పుడు వాడొచ్చో లేదో ఆయనే చెప్పాలి.

బలానికని విటమిన్ మాత్రలు కొనకండి. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటే ఈ మందు దుష్ప్రభావాలు ఎక్కువవుతాయి. విరేచనాలు, నోటిపూత, జ్వరం ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి చెప్పండి.

వేలిముద్రలు కూడా కొందరికి చెరిగిపోతాయి. రేషన్ షాపు మిషన్ అమ్మ వేలు తీసుకోకపోతే ఐరిస్‌తో (కంటి స్కాన్‌తో) ఇప్పించుకున్నాం. పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ ముఖం స్కాన్‌తో ఫోన్‌లోనే ఇవ్వొచ్చు.