దూర గెలాక్సీల రేడియో సర్వే: ఫిజిక్సా, కంప్యూటర్ సైన్సా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. తక్కువ పౌనఃపున్యాల రేడియో టెలిస్కోపులతో దూర గెలాక్సీలను సర్వే చేసే పరిశోధనలో చేరాలని ఉంది. ఫిజిక్స్‌లోనే పీజీ చేయాలా, కంప్యూటర్ సైన్స్‌కు మారాలా? ఈ రంగంలో ఉద్యోగాలు ఉండవని నాన్నగారు అంటున్నారు.

జవాబు: ఫిజిక్స్‌లోనే కొనసాగండి, అయితే ప్రోగ్రామింగ్‌ను పక్కన పెట్టకండి. ఈ రంగంలో టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసేవారెవరూ ఉండరు. నెదర్లాండ్స్ కేంద్రంగా యూరప్‌లో విస్తరించిన లోఫార్ అనే రేడియో టెలిస్కోపులో కదిలే డిష్‌లు లేవు. నేలమీద పరిచిన వేలాది చిన్న యాంటెన్నాలు అందుకున్న సంకేతాలను కలిపి, ఏ దిక్కున ఏముందో కంప్యూటర్లు తేలుస్తాయి. 2022లో వెలువడిన దాని సర్వే భాగం ఉత్తరాకాశంలో 27 శాతానికే పరిమితమైనా, అందులో దాదాపు 44 లక్షల రేడియో మూలాలు నమోదయ్యాయి.

ఆ సర్వే జరిగే 144 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం రెండు మీటర్లకు పైనే. అందువల్ల, కంటికి కనిపించే కాంతిలో రెండు సెంటీమీటర్ల కటకంతో దొరికే 6 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) స్పష్టతను ఇక్కడ సాధించాలంటే యాంటెన్నాలను 70 కిలోమీటర్లకు పైగా ఎడంగా నిలపాలి. అంత శ్రమ వృథా కాదు. గెలాక్సీ నడిబొడ్డులోని కృష్ణబిలం నుంచి ఎగజిమ్మిన ఎలక్ట్రాన్లలో శక్తిమంతమైనవి ముందుగా చల్లారతాయి కాబట్టి, ఎగువ పౌనఃపున్యాల్లో మాసిపోయిన పాత జెట్ల జాడలు కూడా ఈ దిగువ పౌనఃపున్యాల్లో ఇంకా కనిపిస్తాయి.

ఈ వృత్తిలో ఎక్కువ కాలం తీసుకునేది కాలిబ్రేషన్, అంటే కొలతల్లో చేరిన దోషాలను సవరించడం. భూమి వాతావరణం పైభాగంలో విద్యుదావేశ కణాలున్న పొర, ఐనోస్ఫియర్, ఈ తరంగాలను నిమిష నిమిషానికీ, దిశను బట్టీ వేర్వేరుగా మళ్లిస్తుంది. పైగా మన ఎఫ్‌ఎం ప్రసారాలు కూడా ఈ పరిధికి దగ్గరలోనే ఉంటాయి. ఐనోస్ఫియర్ తెచ్చే వక్రీకరణను సవరించకపోతే మసకబారిన గెలాక్సీలు కనిపించవు, లేనివి ఉన్నట్లు కనిపిస్తాయి. ప్రతి యాంటెన్నా జత ఆకాశ చిత్రం తాలూకు ఒక ఫూరియర్ అంశాన్ని (చిత్రాన్ని తరంగాలుగా విడగొడితే వచ్చే ఒక భాగాన్ని) కొలుస్తుంది కనుక, ఫూరియర్ పరివర్తన, మాత్రికలు, సంభావ్యత మీకు కరతలామలకం కావాలి. పైథాన్, లైనక్స్ ఇప్పుడే మొదలుపెట్టండి.

చాలామంది విద్యార్థులు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. రేడియో చిత్రంలో ఒక మూలం కనిపించినంత మాత్రాన అది ఎంత దూరంలో ఉందో తెలియదు. గెలాక్సీకి అటూ ఇటూ విడివిడిగా కనిపించే రెండు రేడియో మేఘాలను జతపరచి, వాటి నడుమ ఉన్న అసలు గెలాక్సీని దృశ్యకాంతి చిత్రాల్లో గుర్తించి, దాని వర్ణపటంలోని అరుణ విస్థాపనాన్ని (రేఖలు ఎరుపు వైపు జరిగిన మేరను) కొలిచిన తరువాతే దూరం తేలుతుంది. కనుక పీజీలో దృశ్యకాంతి ఖగోళశాస్త్రాన్ని వదిలిపెట్టడం పొరపాటవుతుంది.

నాన్నగారి మాటలో నిజం లేకపోలేదు. శాశ్వత పరిశోధన పదవులు తక్కువ. పీహెచ్‌డీ తరువాత రెండు మూడేళ్ల గడువున్న పోస్ట్‌డాక్ ఉద్యోగాలు, ఒక్కోసారి వేర్వేరు దేశాల్లో, చేయవలసి వస్తుంది. అయితే సిగ్నల్ ప్రాసెసింగ్, భారీ డేటా నిర్వహణ తెలిసినవారిని పరిశ్రమలూ తీసుకుంటాయి. పైగా పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,31,072 యాంటెన్నాలతో రూపొందుతున్న 'ఎస్‌కేఏ-లో' (SKA-Low) రేడియో టెలిస్కోపుకు ఖగోళ శాస్త్రజ్ఞులతో పాటు ఇంజినీర్లు, సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడా కావాలి.

పీజీ దరఖాస్తుకు ముందు ఒక చిన్న ప్రయత్నం చేయండి. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్ వద్ద చేసిన సర్వే చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక చదరపు డిగ్రీ ఆకాశాన్ని ఎంచుకుని, అందులోని మూలాలను దృశ్యకాంతి చిత్రాలతో మీరే పోల్చి చూసి పట్టిక వేయండి. రెండు వారాల తరువాత కూడా ఆ పని మీకు విసుగు పుట్టించకపోతే, మీ పట్టికను చూపిస్తూ నాన్నగారితో పీహెచ్‌డీ మాట ఎత్తండి.