మా వీధిలో ఎవరిదో కారు!

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మాది అనుమతి పొందిన లేఅవుట్. బయటివాళ్లు రోజూ మా రోడ్డు మీద కార్లు పెట్టి పోతున్నారు. చక్రాలకు తాళం వేయొచ్చా?

జవాబు: వేయకండి. ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. అనుమతి పొందిన లేఅవుట్లలో రోడ్లను సాధారణంగా గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చేస్తారు. డీడ్ నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. అలా రాసిచ్చి ఉంటే, మెయింటెనెన్స్ మీరు కట్టినా అది ప్రజల రోడ్డే. గేటు పెట్టి ఆపే హక్కు అసోసియేషన్‌కు రాదు.

అక్కడ 10 గంటలు, ఆపైన వదిలేసిన బండిని తీయించే వీలు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127లో ఉంది. అయితే ఆదేశం ఇవ్వాల్సింది యూనిఫాంలోని పోలీసు అధికారి. నంబరు ప్లేటు, మీ గేటు ఒకే ఫొటోలో పడేలా, టైముతో సహా ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తీసి ఫిర్యాదుకు జత చేయండి.

రోడ్డు నిజంగా మీ పట్టా భూమే అయితే బోర్డు పెట్టి, లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వండి. అప్పటికీ మానకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే బండ్లు పెట్టొద్దనే ఉత్తర్వు, అడగండి. కోపంలో టైర్ల గాలి తీసినా, అద్దం పగలగొట్టినా కేసు మీ మీదికే తిరుగుతుంది. చాలామంది చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే.