స్వరానికీ స్వరానికీ మధ్య: రాతలో వచ్చే చిక్కులు

ప్రశ్న: తోడి రాగ కృతిని ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి అయిన స్టాఫ్ నొటేషన్‌లో రాసి ఒక చెల్లో వాద్యకారుడికి ఇచ్చాను. షడ్జమం 'సి', గాంధారం 'ఈ ఫ్లాట్'. తప్పు లేకుండానే వాయించారు గానీ తోడి పలకలేదు. క్వార్టర్ టోన్ (అర్ధస్వరంలో సగం) గుర్తు పెట్టాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పెట్టకండి, ఇంకా చెడుతుంది. ఆ గుర్తు స్వరాన్ని మరోచోట నిలబెడుతుంది, అంతే. తోడి గాంధారం అసలు నిలబడదు. రిషభం వైపు నుంచి మధ్యమం దాకా ఊగుతుంది, ఆ ఊపుకే గాంధారమని పేరు. కాబట్టి అసలు వరుసలో 'ఈ ఫ్లాట్' అలాగే ఉంచి, దాని పైన చిన్న స్టాఫ్ గీసి ఊపును విప్పి రాయండి: డి ఫ్లాట్, ఎఫ్, డి ఫ్లాట్, ఎఫ్. ఎన్ని ఊపులు, ఎక్కడిదాకా అన్నది మీ పాఠాంతరాన్ని (మీరు నేర్చుకున్న బాణీని) బట్టి ఉంటుంది. స్వరాల మధ్య జారుగీతలు వేసి, మొత్తానికి ఒకే స్లర్ (ఒకే కమానులో వాయించమనే వంపుగీత) పెట్టండి. స్లర్ మరిచిపోతే వాద్యకారుడు స్వరానికో కమాను వేస్తాడు, గమకం (స్వరపు ఊపు) కాస్తా అలంకారాల పాఠంలా వినిపిస్తుంది. 'వైబ్రాటో వద్దు' అని కూడా రాయాలి. లేకపోతే చేతి అలవాటుగా వచ్చే వణుకు గమకం మీద ఇంకో గమకమై కూర్చుంటుంది.

1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చయిన సుబ్బరామ దీక్షితులు గారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' పట్టుకున్న దారి వేరు. స్వరాక్షరం స్వరాక్షరమే. కంపితానికి, అంటే ఊపుకు, దాని మీద అలగీత, జారుకు ఏటవాలు గీత. తెలిసినవాళ్లకు అది చాలు. బయటి వాద్యకారుడికి మాత్రం విప్పి రాయక తప్పదు.

ప్రశ్న: తిరగేసిన ఫ్లాట్ (స్వరాన్ని దించే 'b' లాంటి గుర్తు) అంటే క్వార్టర్ టోన్ తగ్గింపని నేర్చుకున్నాను. టర్కీ స్వరలిపిలో అలా వాయిస్తే శ్రుతి తప్పుతోంది.
– ఒక వయొలిన్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: గుర్తు ఒకటే, కొలత వేరు. పాశ్చాత్య ఆధునిక సంగీతంలో అది 50 సెంట్ల తగ్గింపు (అర్ధస్వరం 100 సెంట్లు). టర్కీ పద్ధతిలో పూర్తి స్వరాన్ని 9 కొమాలుగా లెక్కిస్తారు, తిరగేసిన ఫ్లాట్ అంటే ఒక్క కొమా, అంటే సుమారు 23 సెంట్లే. అడ్డగీత ఉన్న ఫ్లాట్ ఇంకా మోసం చేస్తుంది. అరబ్ రాతలో అది దాదాపు 50 సెంట్లు, టర్కీలో 4 కొమాలు, అంటే 90 పైనే. ఏ కాగితం చేతికొచ్చినా ముందు గుర్తుల పట్టిక వెతకండి. మీరే రాస్తుంటే మొదటి పేజీలో అది లేకుండా ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: కంప్యూటర్‌లో క్వార్టర్ టోన్ గుర్తు పెట్టినా మామూలు స్వరమే పలికింది. మిడి (వాద్యాలకు పంపే డిజిటల్ సంకేతాల) పిచ్ బెండ్‌తో దించితే మరీ కిందికి పోయింది.
– ఒక కీబోర్డ్ వాద్యకారుడు, గుంటూరు

జవాబు: కొన్ని సాఫ్ట్‌వేర్లకు ఆ గుర్తు ఉత్త బొమ్మే, ధ్వనిని విడిగా సర్దాలి. స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ విలువ 0 నుంచి 16383 దాకా, నడిమి స్థానం 8192. పరిధి అటూ ఇటూ రెండేసి అర్ధస్వరాలైతే 50 సెంట్లు దించడానికి 2048 తగ్గించి 6144 ఇవ్వాలి. మీ వాద్యంలో పరిధి 12 అర్ధస్వరాలకు పెట్టి ఉంటే అదే అంకె 300 సెంట్లు, అంటే మూడు అర్ధస్వరాలు దించేస్తుంది. ముందు పరిధి చూసుకోండి. ఇంకొకటి, బెండ్ ఆ చానల్‌లో మోగేవాటన్నిటినీ కలిపి లాగుతుంది. తంబురా శ్రుతి కూడా అదే చానల్‌లో ఉంటే స-ప కూడా కుంగుతాయి. దానికి వేరే చానల్ ఇవ్వండి.