పంపాస్ గడ్డి మైదానాలకు, అట్లాంటిక్ తీరానికి బృందంతో పక్షుల యాత్ర: వెళ్లవచ్చా, ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: డల్లాస్‌లో ఉంటూ కొన్నేళ్లుగా పక్షులను గమనిస్తున్న మీ దంపతులు నవంబరులో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల గడ్డి మైదానాల మీదుగా సముద్ర తీరం వరకు సాగే ఒక బృంద యాత్రలో చేరాలా, లేక అదే ఖర్చుతో అమెజాన్ అడవికి వెళ్లాలా? బృందంలో కొత్తవారితో ఇమడగలమా, శాకాహారులకు అక్కడ తిండి దొరుకుతుందా అన్నవి మీ మిగతా సందేహాలు. నేను ఆ దారిలో బృందంతోనే వెళ్లి వచ్చాను కనుక, చూసినదాన్ని బట్టి చెబుతాను.

గడ్డి మైదానాలకే వెళ్లండి. అమెజాన్ గొప్పతనాన్ని కాదనడం లేదు. అయితే టెక్సాస్‌లో పక్షులను చూసేవారికి పంపాస్ యాత్ర ఇచ్చే అవగాహన మరే యాత్రా ఇవ్వదని నా అభిప్రాయం. వసంతంలో మీ ఊరి చుట్టుపక్కల పచ్చిక పెంచే పొలాల్లో నాలుగు రోజులు ఆగి ఉత్తరానికి వెళ్లిపోయే బఫ్ బ్రెస్టెడ్ శాండ్‌పైపర్, అమెరికన్ గోల్డెన్ ప్లవర్, అప్‌లాండ్ శాండ్‌పైపర్, ఆకాశంలో గుంపులుగా తిరుగుతూ దక్షిణానికి సాగే స్వెయిన్‌సన్ డేగ, ఇవన్నీ సంవత్సరంలో మిగిలిన సగాన్ని గడిపేది ఆ మైదానాల్లోనే. మీరు ఇంతవరకు చూసింది వాటి దారిని మాత్రమే. అవి నెలల తరబడి నిలిచి మేసే చోటును కూడా చూస్తే, ఆ పక్షుల సంఖ్య ఎందుకు తగ్గుతున్నదో, ఎక్కడ ఏమి చేస్తే నిలుస్తుందో స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా నేల గురించి చెప్పాలి. తూర్పు అర్జెంటీనా, ఉరుగ్వే దేశమంతా, బ్రెజిల్‌లోని రియో గ్రాందె దొ సుల్ రాష్ట్రంలో పెద్ద భాగం కలిసి ఒకే గడ్డి ప్రాంతం. ఇందులో చాలా మేరను దున్ని సోయా, గోధుమ, మొక్కజొన్న వేశారు. మిగిలిన సహజమైన గడ్డి నేల ఎక్కువగా పశువులను మేపే పెద్ద కమతాల్లో ఉంది. వీటిని అక్కడ ఎస్తాన్సియా అంటారు. అందుచేత అక్కడ పక్షులను చూడడమంటే ప్రైవేటు భూముల్లోకి యజమాని అనుమతితో వెళ్లడమే. జాతీయ ఉద్యానాల గేటు దగ్గర టికెట్ కొని లోపలికి పోయే అలవాటు ఉన్నవారికి ఇది కొత్తగా ఉంటుంది. సొంతంగా కారు అద్దెకు తీసుకుని వెళ్లేవారు రోడ్డు పక్క తీగ కంచెల దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. బృంద యాత్రకు డబ్బు కట్టడానికి నా దృష్టిలో మొదటి కారణం, ఆ కంచె తలుపులు తెరిపించగల పరిచయాలు స్థానిక గైడుకు ఉండడం.

ఉరుగ్వే తీరంలోని లగూనా దె రోచా దగ్గర గడిపిన సమయాన్ని నేను ఈ యాత్రకు కేంద్రంగా భావిస్తాను. అది సముద్రానికి ఆనుకుని ఉన్న పెద్ద ఉప్పుకయ్య, అంటే ఉప్పునీటి సరస్సు. మధ్యలో ఉన్న ఇసుక కట్ట అప్పుడప్పుడు తెగి సముద్రపు నీరు లోపలికి వస్తుంది, మళ్లీ పూడుకుపోతుంది. పులికాట్ చూసినవారికి ఈ తీరు వెంటనే అర్థమవుతుంది. నీటిలో నల్లమెడ హంసలు, కోస్కొరోబా హంసలు, చిలీ ఫ్లెమింగోలు (రాజహంసలు) ఉంటాయి, బృందంలో అందరి చూపూ మొదట వాటి మీదే పడుతుంది. కానీ గైడు మమ్మల్ని నీటికి వీపు తిప్పి నిలబడమన్నాడు. గట్టున ఆవులు, గుర్రాలు మేసి మేసి నేలబారుగా చేసిన పచ్చికలో, గోధుమ రంగు రొమ్ము, పసుపు కాళ్లు గల చిన్న ఉల్లంకి పిట్టలు చెల్లాచెదురుగా నడుస్తున్నాయి. కదలకుండా ఉంటే మట్టి గడ్డలకూ వాటికీ తేడా తెలియదు. ఆర్కిటిక్ తీరంలో గుడ్లు పెట్టి, ఉత్తర అమెరికా నడిబొడ్డు మీదుగా ఇంత దూరం వచ్చే బఫ్ బ్రెస్టెడ్ శాండ్‌పైపర్లు అవే.

ఈ పక్షికి కావలసింది పొట్టి గడ్డి. పశువులను తీసివేస్తే గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, ఆ చోటును ఇది వదిలేస్తుంది. మరోవైపు, తల నుంచి పొట్ట వరకు మెరిసే పసుపు, వీపున నలుపు గల శాఫ్రన్ కౌల్డ్ బ్లాక్‌బర్డ్ అనే పక్షికి గూడు కట్టడానికి పల్లపు చెమ్మనేలల్లో ఎత్తైన గడ్డి ఉండాలి. ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి. దీని గుంపు నేల మీద మేస్తుండగా, బ్లాక్ అండ్ వైట్ మొంహీతా అనే నలుపు తెలుపు పిట్ట దగ్గరి పొద మీద కూర్చుని ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఈ మొంహీతా కంటపడితే పసుపు పక్షుల కోసం కింద వెతకమని గైడు ముందే చెప్పాడు, అలాగే దొరికాయి కూడా. ఒకే కమతంలో ఒక మూల బాగా మేపి, మరొక మూల ఆపి ఉంచితేనే ఈ రెండు రకాల పక్షులూ బతుకుతాయి. 2006 నుంచి అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే దేశాల పక్షి సంరక్షణ సంస్థలు ఆలియాన్సా దెల్ పస్తిసాల్ అనే కూటమిగా ఏర్పడి, సహజమైన గడ్డిని దున్నకుండా నిలుపుకునే పశుపోషకులతో కలిసి పనిచేస్తున్నాయి. మీ యాత్రలో అలాంటి కమతం ఒక్కటైనా ఉండాలని నేను గట్టిగా చెబుతాను. రోళ్లపాడు గడ్డి నేలల్లో బట్టమేక పిట్ట కనబడడమే అరుదైపోయిన కాలాన్ని చూసినవాణ్ణి కనుక, గడ్డిని బంజరుగా లెక్కకట్టని రైతును కలుసుకోవడం నాకు పక్షిని చూసినంత సంతోషాన్నిచ్చింది.

తీరంలో రెండవ ముఖ్యమైన చోటు అర్జెంటీనాలోని సాంబొరొంబొన్ అఖాతం. 1997లో దీనిని రామ్‌సార్ చిత్తడి నేలగా, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. దాని దక్షిణ కొసన ఉన్న పుంటా రాసా దగ్గర రియో దె లా ప్లాతా నది ముఖద్వారం ముగిసి అట్లాంటిక్ మొదలవుతుంది. ఎదుటి ఒడ్డు ఉరుగ్వేలోని పుంటా దెల్ ఎస్తె, మధ్య దూరం సుమారు 220 కిలోమీటర్లు. ఇక్కడ ఆటుకు నీరు తగ్గినప్పుడు బయటపడే బురద నేల నిండా పీతల బొరియలే. హడ్సోనియన్ గాడ్‌విట్లు అనే వలస పక్షులు పొడవైన ముక్కులను మొదలంటా దింపి మేస్తుంటాయి. పీతలనే ప్రధానంగా తిని బతికే ఓల్రాగ్ గల్ అనే సముద్ర పక్షి కూడా ఈ తీరానిదే. అయితే నవంబరులో దాని పెద్ద పక్షులు చాలావరకు ఇంకా దక్షిణాన గూళ్ల దగ్గర ఉంటాయి కనుక, మీకు లేత వయసు పక్షులు కనిపించే అవకాశమే ఎక్కువ. ఆ గల్ కోసమే వెళ్లేవారు అక్కడి శీతాకాలమైన జూన్, జూలై నెలలను ఎంచుకోవాలి. మీరు వెతికే వలస పక్షులు మాత్రం అప్పుడు ఉండవు.

ఈ అఖాతం దగ్గర ఆటుపోట్ల వేళలతో పాటు గాలినీ చూసుకోవాలి. ఆగ్నేయం నుంచి వీచే సుదెస్తాదా అనే గాలి పట్టిందంటే నీరు వెనక్కి తగ్గకుండా బురద నేలను కప్పివేస్తుంది, పక్షులు లోపలి పొలాల్లోకి తరలిపోతాయి. మాకు అలాగే ఒక ఉదయం పోయింది. గైడు బృందాన్ని కాంపోస్ దెల్ తుయూ వైపు తీసుకెళ్లడంతో ఆ రోజు వృథా కాలేదు. 2009లో జాతీయ ఉద్యానమైన ఆ చోటు, పంపాస్ జింకలు మిగిలిన కొద్ది ప్రాంతాల్లో ఒకటి. కాబట్టి ఒక్కో తీర ప్రాంతానికి కనీసం రెండు రాత్రులు కేటాయించని యాత్రను నేను సిఫారసు చేయను. అక్కడ ఒకే పూట ఉండే బృందానికి గాలి అడ్డం వస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

స్వెయిన్‌సన్ డేగ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది మన రైతులకూ సంబంధించినది. ఈ డేగ పంపాస్‌లో ముఖ్యంగా మిడతలను తిని బతుకుతుంది. 1995–96 వేసవిలో అక్కడి రైతులు మిడతల మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు చల్లినప్పుడు, వాటి వెంట పొలాల్లో దిగిన డేగలు వేల సంఖ్యలో చనిపోయాయి. మొత్తం 20,000 వరకు చనిపోయి ఉండవచ్చని పరిశోధకులు అంచనా వేశారు. ఉపగ్రహ పరికరాలు కట్టిన పక్షులను అనుసరించి వెళ్లిన శాస్త్రవేత్తలకు పొలాల్లో, చెట్ల కింద రాలిపడిన కళేబరాలు కనిపించాయి. తరువాత అర్జెంటీనాలో ఆ మందు వాడకాన్ని ఆపించారు, డేగలు నిలదొక్కుకున్నాయి. మన పత్తి పొలాల్లో దశాబ్దాలుగా వాడిన మోనోక్రోటోఫాస్ ఇదే. సాయంత్రం దున్నిన చేలో ట్రాక్టరు వెనుక నడుస్తూ పురుగులను ఏరుకుంటున్న డేగల గుంపును చూపిస్తూ గైడు ఈ కథ చెప్పినప్పుడు, మా ఊళ్లో ఆ డబ్బాలు ఎక్కడ పెట్టేవారో నాకు గుర్తుకువచ్చింది. మీ దారిలో ఈ డేగ ఉంటుందో లేదో ముందే అడగండి. అది ఎక్కువగా లోపలి వ్యవసాయ భూముల్లో ఉంటుంది, తీరాన్నే పట్టుకుని సాగే యాత్రలకు దొరకకపోవచ్చు.

స్థానిక పక్షుల గురించి బెంగ అక్కరలేదు. 1928లో అర్జెంటీనా జాతీయ పక్షిగా ఎంపికైన ఓర్నెరో మట్టి గూళ్లు ప్రతి కంచె స్తంభం మీదా ఉంటాయి. మన తీతువుకు దగ్గరి చుట్టమైన తేరో మీరు పచ్చికలో అడుగుపెట్టగానే అరిచి ఊరంతా లేపుతుంది. బాతులు, కొంగలు, గడ్డి పొదల పిట్టలు బుయెనోస్ ఐరెస్ నగరంలోనే, నది ఒడ్డున భవన శిథిలాలు పోసిన నేల మీద తనంతట తాను పెరిగిన కోస్తనేరా సుర్ అభయారణ్యంలో కావలసినన్ని కనిపిస్తాయి. విమానం దిగిన మరునాడు ఉదయం అక్కడ నడిస్తే సాధారణ పక్షులు పరిచయమై, ఆ తరువాత పొలాల్లో అరుదైన వాటి మీదే దృష్టి పెట్టగలుగుతారు.

బృందం విషయానికి వస్తే, మైదానంలో బృందం పెద్దదైతే నష్టం అడవిలో కన్నా ఎక్కువ. చాటు లేని నేల మీద పదిహేను మంది నిలబడితే పక్షి అర కిలోమీటరు అవతలే లేచిపోతుంది. ఎనిమిది మందికి మించని బృందాన్ని, వీలైతే ఇద్దరు గైడులు, రెండు స్పాటింగ్ స్కోపులు (దూరపు పక్షులను చూసే దుర్భిణీలు) ఉన్నదాన్ని ఎంచుకోండి. మా బృందంలో దగ్గరగా వెళ్లి ఫోటో తీయాలనేవారికీ, దూరం నుంచి ఎక్కువసేపు చూడాలనేవారికీ మొదట్లో పొసగలేదు. వాహనాన్నే చాటుగా వాడుకుని, ముందు అందరూ స్కోపులో చూశాకే కెమెరాల వారు ముందుకు కదలాలని గైడు నియమం పెట్టాక సర్దుకుంది. ఈ నియమాన్ని మొదటి రోజే అడిగి పెట్టించుకోవడం మంచిది. నవంబరు గూళ్ల కాలం కనుక, రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించే పద్ధతిని ఎంతవరకు వాడతారో కూడా ముందే తెలుసుకోండి. అరుదైన పక్షి మీద పదే పదే దాన్ని ప్రయోగించే నిర్వాహకులకు డబ్బు కట్టవద్దని నా మనవి. కొత్తవారి మధ్య మొహమాటం గురించి మీరు భయపడవలసిన పని లేదు, తెల్లవారుజామున ఒకే పక్షి కోసం మౌనంగా నిలబడిన మనుషులకు మాటలు కలవడానికి ఎక్కువ కాలం పట్టదు.

తిండి సంగతి దాచకుండా చెబుతాను. ఎస్తాన్సియా భోజనమంటే నిప్పుల మీద కాల్చిన ఆవు మాంసం, రాత్రి తొమ్మిది దాటాకే వడ్డిస్తారు. ఆ మాంసం కోసం పెంచే పశువుల వల్లే ఆ గడ్డి నిలిచి ఉందన్నది శాకాహారులుగా మనం ఒప్పుకోవలసిన నిజం. శాకాహారులమని బుకింగ్ నాడే రాసి ఇస్తే మొక్కజొన్న కూరిన, కజ్జికాయల వంటి ఎంపనాదాలు, పాలకూర వంటి ఆకుతో చేసే తార్తా, కాల్చిన ప్రోవొలేతా చీజ్, ఉడికించిన కూరగాయలు, పాస్తా ఏర్పాటు చేస్తారు. కారం ఎక్కడా ఉండదు. సీలు వేసిన కందిపొడి ప్యాకెట్లు నాకు అక్కరకు వచ్చాయి. అయితే పండ్లు, విత్తనాలు, ఇంటి పచ్చళ్లు సంచిలో పెట్టుకుని సరిహద్దు దాటవద్దు, తనిఖీ ఉంటుంది.

మధ్యాహ్నం వేడికి నేల మీది గాలి వణికి స్కోపులో ఏమీ తేలదు కనుక, ఉదయాలనూ సాయంత్రాలనూ పొలంలో, మధ్యాహ్నాలను ప్రయాణంలో గడిపేలా వేసిన కార్యక్రమం మంచిది. చెమ్మనేలల్లో దోమలు విపరీతం, పొడుగు చేతుల చొక్కాలు, మడమ దాటిన బూట్లు తప్పనిసరి. ఎండ మొహాన్ని కాల్చేంత తీవ్రంగా ఉన్నా, దక్షిణపు గాలి వీచిన ఉదయం స్వెటర్ లేకుండా నిలవలేరు. యాత్ర నుంచి నేరుగా హైదరాబాద్ వెళ్లే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త అవసరం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలుగా భారత ప్రభుత్వం గుర్తించిన వాటి నుంచి వచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం ఉండాలి. అది లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. మీ దారిలోని దేశాలు ప్రస్తుత జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుని, అవసరమైతే అక్టోబరులోనే వేయించుకోండి. యాత్ర నిర్వాహకుల జవాబులు వచ్చాక, ఏ కమతాలు, ఎన్ని రాత్రులు అన్న వివరాలు ఇక్కడే రాస్తే, వాటిలో ఏది మేలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.