ఏజెంటు చదివేది మీ కోడ్ కాదు, మీ వివరణ

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో ఏయే టేబుళ్లున్నాయో ఏఐ ఏజెంటుకు చెప్పే చిన్న టూల్ రాసి ‘లిస్ట్ టేబుల్స్’ అని పేరు పెట్టాం. ‘డేటాబేస్‌లోని టేబుళ్లను చూపిస్తుంది’ అన్నదే దాని వివరణ. ఏజెంటు కొన్నిసార్లు దీన్ని పిలవకుండానే లేని టేబుల్ మీద క్వెరీ రాస్తోంది. ‘నిల్వ ఎంతుంది?’ అని అడిగితే ఈ టూల్ ఇచ్చిన వరుసల సంఖ్యనే చెప్పేస్తోంది. వివరణ ఎలా రాయాలి?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏయే ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే నమూనా) చూసే ఏజెంటు దాన్ని పిలవాలో వద్దో తేల్చుకుంటుంది. మీ వాక్యంలో ఎప్పుడు పిలవాలో లేదు, ఏం ఇవ్వదో అసలే లేదు. ఇలా మార్చండి: ‘టేబుల్ పేరు కచ్చితంగా తెలియనప్పుడు, క్వెరీ రాసే ముందు దీన్ని పిలవాలి. టేబుల్ పేరు, రకం, కామెంట్, వరుసల అంచనా ఇస్తుంది. కాలమ్ పేర్లు, లోపలి డేటా ఇవ్వదు. కాలమ్‌ల కోసం డిస్క్రైబ్ టేబుల్ టూల్ వాడాలి. దేన్నీ మార్చదు.’

వరుసల సంఖ్య పీజీ క్లాస్ (టేబుళ్ల వివరాలుండే పోస్ట్‌గ్రెస్ సొంత పట్టిక)లోని రెల్‌టపుల్స్ నుంచి తెస్తుంటే అది అంచనా మాత్రమే. వాక్యూమ్, అనలైజ్ లాంటి నిర్వహణ పనులు జరిగినప్పుడే మారుతుంది. సీజన్లో లాట్లు రోజూ చేరుతుంటే వెనకబడుతుంది. పోస్ట్‌గ్రెస్ 14వ వెర్షన్ నుంచి, ఒక్కసారీ వాక్యూమ్ గానీ అనలైజ్ గానీ కాని టేబుల్‌కు -1 వస్తుంది. దాన్ని నల్‌గా (విలువ తెలియదు అని) మార్చి పంపండి. ఫీల్డ్ పేరులోనే ‘అంచనా’ అన్న మాట ఉండాలి. అంచనా సరిగ్గా ఉన్నా మీ కష్టం తీరదు: మీ టేబుల్‌లో ఒక వరుస అంటే ఒక లాట్ అయితే, లాట్‌కు యాభై టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉండొచ్చు, రెండొందలుండొచ్చు. ‘ఇది నిల్వ కాదు, నిల్వ కావాలంటే క్వెరీ రాయాలి’ అని వివరణలో చెప్పాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ టేబుల్ కామెంట్ల మీద పెట్టమంటాం. మిర్చి లెక్కల్లో ‘ఏజెంట్స్’ అనే టేబుల్ ఉంటే అది యార్డులోని కమీషన్ ఏజెంట్లదని మనకు తెలుసు, ఏఐకి తెలియదు. ‘కామెంట్ ఆన్ టేబుల్’తో ‘మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లు, ఒక వరుస ఒక లైసెన్సు’ అని రాసి, టూల్‌లో ఆబ్జ్ డిస్క్రిప్షన్ ఫంక్షన్‌తో తెప్పించండి. ‘టిక్కీ’, ‘తాలు’ లాంటి మాటలు తెలుగు లిపిలో కూడా పెట్టండి. మీ వాళ్లు అడిగేది ఆ మాటలతోనే. కాలమ్ పేర్లను మాత్రం అనువదించొద్దు.

ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ వ్యూ నుంచి జాబితా తెస్తుంటే, టూల్ లాగిన్ అయ్యే యూజర్‌కు ఏదో ఒక అనుమతి ఉన్న టేబుళ్లే వస్తాయి. మెటీరియలైజ్డ్ వ్యూలు (క్వెరీ ఫలితాన్ని దాచి ఉంచేవి) అందులో రానే రావు. పెద్ద టేబుల్‌ను విడగొట్టిన పార్టిషన్ ముక్కలు మాత్రం ఒక్కొక్కటీ విడి టేబుల్‌గా వస్తాయి: నెలవారీగా విడగొడితే ఐదేళ్లకు 60 పేర్లు, ఏజెంటు కాంటెక్స్ట్ (ఒకసారికి గుర్తుంచుకోగలిగే చోటు) అంతా వాటితోనే నిండుతుంది. పీజీ క్లాస్ నుంచి తెచ్చి, రెల్‌ఈజ్‌పార్టిషన్ ట్రూ ఉన్నవి తీసేసి, హ్యాజ్ టేబుల్ ప్రివిలేజ్‌తో అనుమతి చూడటం మేలు. ‘జాబితాలో లేకపోతే టేబుల్ లేదని కాదు, అనుమతి లేకపోవచ్చు’ అన్న మాట వివరణలో చేర్చండి.

స్కీమా (టేబుళ్లను గుంపుగా ఉంచే విభాగం) పేరు తప్పుగా ఇస్తే ఖాళీ జాబితా పంపొద్దు. ఖాళీ చూసి ఏజెంటు డేటాబేస్‌లో ఏమీ లేదనుకుంటుంది. ‘ఆ పేరుతో స్కీమా లేదు, ఉన్నవి ఇవి’ అని ఎర్రర్‌గా పంపితే తనే సరిచేసుకుంటుంది. వందకు మించి పేర్లుంటే ఆపేసి, ఇంకా ఉన్నాయని జవాబులోనే చెప్పాలి.

ప్రశ్న: వివరణలో రీడ్ ఓన్లీ అని రాశాం. ఎంసీపీ (ఏఐకి టూల్స్‌ను కలిపే ప్రోటోకాల్)లో రీడ్ ఓన్లీ హింట్‌ను ట్రూ చేశాం. ఇక భయం లేదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలదు. ఎంసీపీ 2025 మార్చి వెర్షన్‌లో వచ్చిన ఆ హింట్ పేరుకు తగ్గట్టే సూచన మాత్రమే, దేన్నీ ఆపలేదు. కాపలా డేటాబేస్‌లో ఉండాలి. టూల్ కోసం వేరే రోల్ (డేటాబేస్ యూజర్) చేసి కనెక్ట్, ఆ స్కీమా మీద యూసేజ్, అవసరమైన టేబుళ్ల మీద సెలెక్ట్ మాత్రమే ఇవ్వండి. డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ ఆన్ చేసి ఊరుకుంటే కుదరదు. సెషన్‌లో ఒక్క సెట్ కమాండ్‌తో అది ఆఫ్ అవుతుంది. అన్ని టేబుళ్లూ చదవనిచ్చే పీజీ రీడ్ ఆల్ డేటా రోల్ జోలికి పోవద్దు, రైతుల బ్యాంకు వివరాల టేబుళ్లూ తెరుచుకుంటాయి.

పోస్ట్‌గ్రెస్ 14, అంతకుముందు వెర్షన్లలో పబ్లిక్ స్కీమాలో టేబుల్ సృష్టించే అనుమతి అందరికీ ఉండేది. 15లో తీసేశారు కానీ, పాత డేటాబేస్‌ను అప్‌గ్రేడ్ చేస్తే ఆ అనుమతి అలాగే వెంట వస్తుంది. దాన్ని రివోక్ చేయండి (వెనక్కి తీసుకోండి). తర్వాత ఆ రోల్‌తోనే లాగిన్ అయి క్రియేట్ టేబుల్, డిలీట్ కొట్టి చూడండి. రెండింటికీ ‘పర్మిషన్ డినైడ్’ వచ్చాకే ఏజెంటు చేతికివ్వండి.