మీరడిగినవి: మూడు సర్వర్లు, మూడు టైములు

ప్రశ్న: రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కంప్యూటర్ల పని చూస్తాను. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు రాసుకునే సర్వర్ ఒకటి, బిల్లింగుది ఒకటి, సీసీ కెమెరాలది ఇంకొకటి. ప్రతి సోమవారం ఫోన్ చూసి మూడింటికీ టైము సరిచేస్తాను, వారం తిరిగేసరికి మళ్లీ తలో దారి. మొన్న లోడు ఎన్నింటికి దిగింది, గది తలుపు ఎంతసేపు తెరిచి ఉంది అని గొడవ వస్తే ఏ రికార్డును నమ్మాలో తెలియలేదు. బ్యాటరీలు మార్చినా ఇంతే. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఆ సోమవారం పని ఆపేయండి. తేడా కంటే దాన్ని చేత్తో సరిచేయడమే మీకు ఎక్కువ చేటు చేస్తోంది.

బ్యాటరీ తప్పేం లేదు. ఆ బిళ్ల బ్యాటరీ మెషీన్ ఆపి ఉన్నప్పుడు గడియారం ఆగిపోకుండా చూస్తుంది, అంతే. నడుస్తున్న సర్వర్ మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న క్వార్ట్జ్ క్రిస్టల్ కంపనాలను లెక్కపెట్టుకుంటూ టైము చెబుతుంది, ఆ క్రిస్టల్ ఏ రెండు మెషీన్లలోనూ ఒకేలా ఉండదు. పది లక్షల సెకన్లకు 50 సెకన్ల తేడా అంటే వినడానికి చాలా తక్కువ, కానీ లెక్క వేస్తే రోజుకు 4 సెకన్లు దాటుతుంది, వారానికి అర నిమిషం. ఒక సర్వర్ ముందుకు, ఇంకొకటి వెనక్కి జరిగితే మీ సోమవారానికి వాటి మధ్య నిమిషం తేడా తయారు. పైగా వేడిని బట్టి క్రిస్టల్ వేగం మారుతుంది. కరెంటు పోయి, జనరేటర్ మీద సర్వర్లు మాత్రమే నడిచి, ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం దాని నడక వేరు, రాత్రి నడక వేరు.

ఇప్పుడు చేత్తో మార్చడం సంగతి. గడియారాన్ని 40 సెకన్లు వెనక్కి తిప్పారంటే ఆ 40 సెకన్లు మీ రికార్డులో రెండుసార్లు వస్తాయి: తలుపు మూసిన టైము తెరిచిన టైముకంటే ముందు పడవచ్చు, ఆ వేళకు పెట్టుకున్న బ్యాకప్ రెండుసార్లు మొదలవ్వచ్చు. ముందుకు తిప్పితే ఉష్ణోగ్రతల్లో ఖాళీ కనిపిస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది సరిగ్గా అదే. అందుకే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్ల గడియారాలను కలిపే పద్ధతి)తో నడిచే ప్రోగ్రాములు చిన్న తేడాలకు టైమును దూకించవు. గడియారం వెనకబడితే కాస్త వేగంగా, ముందుంటే కాస్త నెమ్మదిగా నడిపించి మెల్లగా దారిలోకి తెస్తాయి. వాటిలో పాతదైన ఎన్‌టీపీడీ అయితే సెకనుకు అర మిల్లీసెకను మించి సర్దదు, అంటే ఒక్క సెకను తేడా పోవడానికి అరగంట పైనే పడుతుంది. అంత ఓపిక ఉండబట్టే రికార్డులో వరస చెడదు.

మీ ప్లాంటులో ఒక లైనక్స్ మెషీన్ మీద క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రాము పెట్టి దాన్ని పెద్ద గడియారం చేయండి, మిగతా అన్నీ, కెమెరాల డీవీఆర్‌తో సహా, దాన్నే అడగాలి. ఆ పెద్దది బయట కనీసం నాలుగు టైమ్ సర్వర్లను అడగాలి. రెండే పెడితే అవి తేడాగా చెప్పినప్పుడు ఏది తప్పో తేలదు, మూడుంటే తప్పు చెప్పేది పట్టుబడుతుంది, నాలుగోది ఏదైనా ఒకటి పలకని రోజుకు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, ప్రభుత్వ కంప్యూటర్ల వ్యవస్థను చూసే ఎన్‌ఐసీ నడిపే సర్వర్లు అందులో ఉండాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు కూడా వాటితోనో, వాటిని అనుసరించే సర్వర్లతోనో టైము కలపాలి. ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ మెసేజ్‌లు వెళ్లే దారి, యూడీపీ పోర్టు 123, తెరిచి ఉందో లేదో చూసుకోండి, చాలా చోట్ల ఆగిపోయేది అక్కడే.

తుఫాను వచ్చి రెండు రోజులు నెట్ లేకపోతే? క్రోనీ మీ క్రిస్టల్ ఎంత తప్పుతుందో ముందే కొలిచి రాసి పెట్టుకుంటుంది, నెట్ లేనప్పుడు ఆ లెక్కతోనే సర్దుకుంటూ పోతుంది. సెట్టింగుల్లో ‘లోకల్ స్ట్రాటమ్ 10’ అన్న లైను చేరిస్తే, బయట ఎవరూ పలకకపోయినా లోపలి మెషీన్లకు టైము ఇస్తూనే ఉంటుంది. అసలు టైముకు కొద్దిగా దూరం జరిగినా మీ మూడు రికార్డులూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, గొడవ తేలడానికి మీకు కావలసింది అదే కదా.

ఇంకొకటి. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు కనిపిస్తే అది గడియారం తప్పు కాదు, టైమ్ జోన్ సెట్టింగు తప్పు.

ప్రశ్న: భారత కాలమాన రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కదా, అయితే మా ఊళ్లో టైము ఎక్కువ కచ్చితమా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: లేదండి. 82.5 డిగ్రీల రేఖ మీకు కాస్త తూర్పుగా పోతుంది, మీ ఊరి సూర్యుడి లెక్క దానికి నిమిషం అటూ ఇటుగా వెనక ఉంటుంది. అయితే ఇప్పుడు టైము సూర్యుణ్ని చూసి చెప్పరు. ఢిల్లీలోని అణు గడియారాలు చెబుతాయి, అది కాకినాడకూ కచ్‌కూ ఒకటే.

ప్రశ్న: టైము అడిగిన మెసేజ్ వెళ్లి రావడానికే కొంత సమయం పడుతుంది. మరి వచ్చిన జవాబు అప్పటికే పాతది కాదా?
– ఓ ఇంజినీరింగ్ విద్యార్థిని, అమలాపురం

జవాబు: పాతదే. ఆ పాతదనాన్ని కొలవడమే ఎన్‌టీపీ చేసే పని. డేవిడ్ మిల్స్ 1985లో ప్రచురించిన పద్ధతి ఇది, అసలు సూత్రం ఇప్పటికీ మారలేదు. నాలుగు టైములు రాసుకుంటారు. మీ మెషీన్ తన గడియారంలో 0 మిల్లీసెకన్ల దగ్గర అడిగిందనుకోండి. సర్వర్‌కు తన గడియారం ప్రకారం 130 దగ్గర అందింది, 131 దగ్గర జవాబిచ్చింది, మీకు మీ గడియారంలో 61 దగ్గర చేరింది. మొత్తం 61లో సర్వర్ దగ్గర గడిచిన 1 తీసేస్తే ప్రయాణం 60, ఒక్కోవైపు 30. మీరు అడిగిన మెసేజ్ 30లో చేరాల్సింది, సర్వర్ 130 అంటోంది, కాబట్టి మీ గడియారం 100 మిల్లీసెకన్లు వెనకుంది.

ఇందులో ఒక నమ్మకం దాగుంది, చాలామంది గమనించరు: వెళ్లే దారీ వచ్చే దారీ సమానమని. రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీ ఎదురీదుతూ వెళ్లడానికి పట్టే సమయం, ప్రవాహంతో దిగి రావడానికి పట్టే సమయం ఒకటి కాదు, మొత్తాన్ని సగం చేస్తే రెండూ తప్పే. పై లెక్కలో వెళ్లడానికి 50, రావడానికి 10 పట్టి ఉంటే మీకు 20 మిల్లీసెకన్ల పొరపాటు వస్తుంది, ఎన్నిసార్లు అడిగినా అది బయటపడదు. అందుకే మైక్రోసెకన్లు కావాల్సిన చోట ఇంటర్నెట్‌ను నమ్మరు. పైకప్పు మీద జీపీఎస్ యాంటెన్నా పెట్టుకుంటారు, లోపలి నెట్‌వర్క్‌లో పీటీపీ అనే ఇంకా కచ్చితమైన పద్ధతి వాడతారు, అందులో మెసేజ్ వెళ్లిన, వచ్చిన టైమును నెట్‌వర్క్ కార్డే నమోదు చేస్తుంది.

మీ కాలేజీ ల్యాబులో రెండు మెషీన్ల మీద క్రోనీ పెట్టి, ‘క్రోనీసీ ట్రాకింగ్’ కమాండ్ ఇచ్చి ఫ్రీక్వెన్సీ అన్న లైను చూడండి. అదే మీ క్రిస్టల్ తప్పే వేగం. ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒక గంట తర్వాత ఇంకోసారి రాసుకోండి, ఆ అంకె కదలడం మీకే కనిపిస్తుంది.