నాన్నగారి టెస్టుల కోసం లోన్ యాప్ దాకా వెళ్లకండి

ప్రశ్న: మా నాన్నగారికి తెల్ల రక్తకణాలు బాగా పెరిగాయి. బ్లడ్ క్యాన్సర్ అనుమానంతో డాక్టర్ బోన్‌మ్యారో (ఎముక మజ్జ), క్రోమోజోమ్, జీన్ టెస్టులు రాశారు. అడ్మిట్ కాకుండా చేయించే టెస్టులకు మా హెల్త్ పాలసీ వర్తించదట. ఫిక్స్‌డ్ డిపాజిట్ కదిలించడం ఇష్టం లేదు. లోన్ యాప్‌లో తీసుకోమంటారా? లేక జీన్ టెస్టులు తర్వాత చేయిద్దామా?

జవాబు: రెండూ వద్దు. డిపాజిట్ ఈరోజే తీసేయండి. దాని మీద పోయేది కొంత వడ్డీ మాత్రమే. సొంత డబ్బు ఉండగా లోన్ యాప్ ఆలోచన ఎందుకు వచ్చిందండీ? జబ్బు ఇంట్లో ఉన్నప్పుడు వసూలు ఫోన్ల టెన్షన్ కూడా తెచ్చుకుంటారా?

టెస్టులు వాయిదా వేస్తే ఖర్చు మిగలదు. క్రోమోజోమ్ టెస్టుకు బతికున్న కణాలు కావాలి, వాటిని ల్యాబ్‌లో పెంచి చూస్తారు. ఇప్పుడు శాంపిల్ పంపకపోతే మళ్లీ బోన్‌మ్యారో తీయాల్సి రావచ్చు. మళ్లీ నొప్పి, మళ్లీ బిల్లు. పైగా ఏ మందు వాడాలో తేల్చేవి ఈ రిపోర్టులే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఏర్పడే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కు గుర్తు. దానికి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్ర ఉంది. 15, 17 క్రోమోజోముల మధ్య మార్పిడి కనిపిస్తే జబ్బు వేరు, మందులు వేరు, తొందర చాలా ఎక్కువ. డాక్టర్‌ను ఒక్కటే అడగండి: ఏవి ఇప్పుడే చేయించాలి, ఏవి మొదటి రిపోర్టు చూశాక చాలు? చాలా జీన్లను ఒకేసారి చూసే పెద్ద జీన్ ప్యానెల్ అందరికీ మొదటి రోజే అవసరం పడదు.

పాలసీ ఉంది కదా అని చేతిలో డబ్బు ఉంచుకోకపోవడం నేను తరచూ చూసే పొరపాటు. పాలసీ ఎక్కువగా అడ్మిషన్ తర్వాతి ఖర్చు చూస్తుంది. జబ్బేమిటో తేలేదాకా ఖర్చు మీదే. తేలాక కూడా ఆగదు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అయితే మందు పనిచేస్తోందో లేదో చూడటానికి సాధారణంగా మూడు నెలలకోసారి, రక్తంలో ఆ జబ్బు జీన్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ టెస్టు ఉంటుంది. అందుకే డిపాజిట్ తీశాక మిగిలిన డబ్బును వెంటనే తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దాని పైన ఏడాది టెస్టుల ఖర్చు అయ్యేదాకా ప్రతి జీతం నుంచి అందులో వేయండి. అంతవరకు కొత్త పెట్టుబడులు ఆపండి.

పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బు ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ మీ పేరు మీద తీసుకోండి, నాన్నగారికి ఈ దశలో ఇవ్వరు.

డాక్టర్ చీటీ, బిల్లులు, రిపోర్టులు దాచండి. త్వరలో అడ్మిట్ చేయాల్సి వస్తే, అడ్మిషన్‌కు ముందు రోజుల ఖర్చు మీ పాలసీ ఇస్తుందేమో, ఎన్ని రోజులదో చూసి క్లెయిమ్ పెట్టండి.